సుష్మా ఉర్ఫ్

పొద్దున్నే ఫోను. లంబాలైన్ నుంచి మా చెల్లెలి కొడుకు.

"పెద్దమ్మా, పాప పేరులో ఏ-లు రెండు పెట్టమంటావా, మూడా? చివర హెచ్ కూడా ఉంటే లక్కీ అంటున్నారు."

"ముందు పేరేంటో చెప్పి ఏడవరా," అన్నాను.

"పేరు తర్వాత పెద్దమ్మా. ముందు స్పెల్లింగ్ ఫైనల్ అవ్వాలి. దాన్నిబట్టి పేరు."

నా ఒళ్లు మండిపోయింది. గరాచర్మలో ఇల్లు కట్టుకుని, మోకాళ్లకి నూనె రాసుకుంటూ ఏదో బతుకుతున్నదాన్ని. పొద్దున్నే ఈ ఏ-లూ హెచ్-లూ ఏమిటి నాకు? ఎన్ని కావాలంటే అన్ని పెట్టుకోమని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక చాలాసేపు టీ కూడా తాగబుద్ధి కాలేదు. ఆ అడిగినవాడి తల్లి పేరు చెడగొట్టింది నేనే. అది వాడికి తెలుసు. తెలియనిది ఇంకోటి ఉంది.

సర్కారువాళ్లు మా ఊరి సముద్రపువాళ్లని ఓడెక్కించి ఈ దీవుల్లో దింపినప్పుడు నేను చంకలో పిల్లనట. నాకు గుర్తున్నదల్లా ఇక్కడి ఒడ్డే. ఏడెనిమిది తగరపు కప్పుల ఇళ్లు, ఒకవైపు మడ చెట్ల బురద, ఇంకోవైపు తడికల మీద ఎండే నెత్తళ్లు. ఆ వాసన మా బట్టల్లో, జుట్టులో, పుస్తకాల్లో కూడా ఉండేది. చింతపండు ఓడ మీద రావాలి. ఓడ ఆలస్యమైతే మామ్మ పులుసులో పచ్చి మామిడికాయ వేసి, "ఇదేటి పులుసు, కడిగిన నీల్లు," అని దీవులన్నిటినీ కలిపి తిట్టేది. మామ్మంటే అయ్యని, అదే మా నాన్నని, కన్నతల్లి. ఇంట్లో ఆవిడ మాటే మాట.

మా వాళ్లకి హిందీ రాదు. బడిలో హిందీ తప్ప ఇంకోటి లేదు. దాంతో ఇంటిల్లిపాదికీ నేనే నోరు. రేషను దుకాణంలో, ఆఫీసుల్లో, ఎక్కడికి వెళ్లినా "గుంటని తీసుకెల్లు" అనేవారు. తొమ్మిదేళ్లదాన్ని. లోలోపల గర్వంగానే ఉండేది.

బడిలో మాత్రం గర్వం లేదు. నా పేరు నల్లమ్మ. ఊళ్లో వదిలేసి వచ్చిన అమ్మవారి పేరు, మామ్మ మొక్కుకుని పెట్టింది. హిందీ మాస్టారు దాన్ని రెండు ముక్కలుగా విరిచి 'నల్ అమ్మా' అని రాశాడు. నల్ అంటే హిందీలో కొళాయి. ఇంక చూస్కోండి. పిల్లలు నా చెవి పట్టుకుని కొళాయి తిప్పినట్టు తిప్పి, కింద దోసిలి పట్టి, "పానీ ఆయా?" అనేవారు. ఒకడైతే ఇంటినుంచి చెంబు తెచ్చాడు. ఆ చెంబుతోనే వాడి నెత్తిమీద ఒకటిచ్చాను, మాస్టారు నన్నే ఎండలో నిలబెట్టాడు. ఆ పేరు పెట్టిన మామ్మ మీద నాకు కసి.

మా క్లాసులోనే సుష్మా అని ఒక పిల్ల ఉండేది. తండ్రి అడవి శాఖలో ఆఫీసరు. రెండు జడలకీ రిబ్బన్లు. హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు దగ్గర మాస్టారి గొంతే మెత్తబడేది. ఆ పేరుతో నేను మడ చెట్ల దగ్గర ఒంటరిగా నడుస్తూ నన్ను నేనే పిలుచుకునేదాన్ని.

ఆ వానాకాలం మా అమ్మకి ఆడపిల్ల పుట్టింది. నా తర్వాత ఇద్దరు పుట్టి, ఇద్దరూ మూడో నెల నిండకుండానే పోయారు. వాళ్లకి పేర్లు లేవు. పేరు లేకపోబట్టే పోయారని మామ్మ గట్టి నమ్మకం.

"ఎల్లిపోతున్న పిల్లని ఎనక్కి పిలవాలంటే పేరుండాల కదేటి? ఏటని పిలుస్తాం? ఓ పిల్లా, ఓ పిల్లా అంటే ఏ పిల్లాగుతాది?"

అందుకని ఈసారి పురిటి స్నానం దాకా కూడా ఆగలేదు. మూడో రోజునే, గదిలో వాము పొగ ఇంకా సుళ్లు తిరుగుతుండగా, పిల్లని ఒళ్లో వేసుకుని చెవిలో మూడుసార్లు పిలిచింది. "పైడమ్మా. పైడమ్మా. పైడమ్మా." విజయనగరం పైడితల్లి పేరు. సముద్రం ఇవతల నుంచే దండం పెట్టి, ఈ పిల్లని నీ పేరుతోనే పిలుస్తాం, నీ పేరే రాయిస్తాం, కాపాడు తల్లీ అని మొక్కింది. అమ్మ గోడకి జారబడి వింటోంది. తెల్లగా పాలిపోయిన మొహం. మూడోసారి పిలిచేటప్పుడు అమ్మ పెదాలు కూడా కదిలాయి.

"సర్కారు పుస్తకంలో కూడా ఎక్కించీయాల. సరిగ్గా రాయించే గుంటా, నీకే సెప్తన్నాను," అంది మామ్మ నాతో.

అయ్యా నేనూ డోంగీలో టౌనుకి వెళ్లాం. డోంగీ అంటే మా చిన్న పడవ. అయ్య సబ్బుతో మూడుసార్లు రుద్దుకున్నాడు, అయినా చేపల వాసన పోలేదు. ఆఫీసులో మున్షీ మమ్మల్ని చూసి ముందు కిటికీ తీశాడు. తర్వాత పుస్తకం తీశాడు.

"క్యా పైదా హువా?"

ఏం పుట్టిందని అడుగుతున్నాడు. అయ్య చెవికి అందులో పైడి ఒక్కటే వినబడింది. మొహం వెలిగిపోయింది.

"అవును బాబూ, పైడమ్మ!"

"అరే, పైదా హువా, వో తో సమఝ్ గయా. లడ్కా కి లడ్కీ?" పుట్టిన సంగతి తెలిసింది, మగా ఆడా అని.

"పైడమ్మ బాబూ."

"నామ్! నామ్ బోలో!"

"అదే బాబూ నామ్. పైడమ్మ!"

గదంతా నవ్వు. పక్క బల్ల దగ్గర ఫైళ్లు కట్టే మనిషి తొడ మీద చరుచుకుని అన్నాడు, "ఇస్కా నామ్ పైదా-అమ్మా! దూస్రీ కా క్యా రఖేగా, మరా-అమ్మా?"

పైదా అంటే పుట్టింది. మరా అంటే చచ్చింది. ఇంకో పిల్లకి చచ్చినమ్మ అని పెడతావా అని పరిహాసం. ఇద్దరు పిల్లల్ని ఒడ్డు వెనక ఇసకలో పూడ్చి వచ్చిన మనిషితో.

అయ్యకి అర్థం కాలేదు. అందరూ నవ్వుతున్నారు కదా, తనూ నవ్వాడు. అవునవును బాబూ అని తల కూడా ఊపాడు. ఆ గదిలో ఆ మాట అర్థమై నవ్వనిదాన్ని నేనొక్కదాన్నే.

మున్షీ కళ్లు తుడుచుకుని నాకేసి తిరిగాడు. "తూ బోల్ బేటీ. బచ్చీ కా నామ్?"

"సుష్మా," అన్నాను.

అనుకుని అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది. మున్షీ శభాష్ అని, గీతలు తిన్నగా గీసి అందంగా రాశాడు. నవ్వు ఆగిపోయింది. అదే కదా నాకు కావలసింది.

మెట్లు దిగుతూ అయ్య అడిగాడు. "రాసినాడా?"

"రాసినాడు."

"పైడమ్మ అనే కదా?"

"ఊఁ."

ఇంటికెళ్లేసరికి మామ్మ కాగితాన్ని కళ్లకద్దుకుని, మైనగుడ్డలో చుట్టి, అమ్మవారి పటం వెనక పెట్టింది. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ కాగితానికి కూడా ఒక బొట్టు. నేను ఆ వేళకి ఏదో వంక పెట్టుకుని బయటికి పోయేదాన్ని. హిందీ చదివేవాళ్లెవరు మా ఒడ్డుకి వచ్చినా నాకు భయమే.

వచ్చింది కూడా. టీకాలు వేసే దీదీ. కాగితం చూపించమంది. మామ్మ మురిసిపోతూ తీసి ఇచ్చింది.

"సుష్మా," అని పైకి చదివింది దీదీ.

"ఏటంటాది?" అంది మామ్మ.

"టీకా పేరు మామ్మా. సుష్మా టీకా అంట."

ఒక అబద్ధం మీద ఇంకోటి పేర్చాను. మామ్మ ఊరుకుంటుందా? వీధి వీధంతా చెప్పుకొచ్చింది. "మా పైడమ్మకి సుష్మా ఏసినారు. ఏడ్వనైనా ఏడ్వనేదు." పక్కింటావిడ తన పిల్లాడికి సుష్మా ఎప్పుడు వేస్తారో కనుక్కోమని నన్నే అడిగింది. ఇంకెవరికైనా జరిగితే నేను పడీపడీ నవ్వేదాన్ని.

మూడో నెల వచ్చింది. అమ్మ నిద్ర మానేసింది. పిల్ల పడుకుంటే ముక్కు కింద వేలు పెట్టి చూసేది. మామ్మ ఎవరినీ నెల పేరు ఎత్తనిచ్చేది కాదు. ఒక వానరోజు పొద్దున్న పిల్ల పాలు తాగలేదు. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతోంది. డొక్కలు ఎగరేస్తోంది. ముందు ఇద్దరూ అలాగే పోయారు. ఎవరూ ఆ మాట అనలేదు, అందరికీ తెలుసు.

అయ్య వేటకి పోయాడు. మామ్మ దీపం ముందు కూలబడింది, అది కొండెక్కకుండా కాస్తూ ఉంటానంది. పక్కింటాయన డోంగీ తోశాడు. అమ్మ పిల్లని చీర కొంగులో, ఆ పైన గోనెపట్టాలో చుట్టింది. కాగితం మైనగుడ్డతో సహా రొమ్ముకి దగ్గరగా దోపుకుంది. దారంతా "పైడమ్మా, ఉండమ్మా, పైడమ్మా" అంటూనే ఉంది. నాకు వానకంటే ఆ పిలుపే ఎక్కువ గుచ్చుకుంది.

ఆస్పత్రి వరండా నిండా జనం. తడిసిన గొడుగులు, ఫినాయిలు వాసన, పిల్లల ఏడుపులు. కిటికీ దగ్గర మనిషి మా కాగితం చూసి, చీటీ రాసుకుని, పిలుస్తాం కూర్చోమన్నాడు. చీటీలో ఏం రాశాడో నాకు తెలుసు. చూస్తూనే ఉన్నాను.

కూర్చున్నాం. పిల్ల ఏడుపు సన్నగా, పిల్లికూనలా ఉంది. నర్సు తలుపు తీసింది.

"సుష్మా! సుష్మా కౌన్ హై?"

లేస్తే అమ్మ అడుగుతుంది. అడిగితే చెప్పాలి. మొక్కిన పేరు రాయించలేదని, పిల్లని అమ్మవారికి ఇచ్చినట్టే ఇచ్చి లాక్కున్నానని తెలిసిపోతుంది. పిల్లకేదైనా అయితే చంపింది నేనే అవుతాను. తొమ్మిదేళ్ల బుర్రలో ఇదంతా ఒక్కసారి గిర్రున తిరిగింది. నేల చూస్తూ కూర్చున్నాను.

"సుష్మా టీకాకి పిలుస్తన్నారు," అంది అమ్మ, నాకు ధైర్యం చెప్తున్నట్టు. "మనకి ఎప్పుడో ఏసేసినారు కదా. మనల్ని పిలుస్తార్లే."

నర్సు లోపలికి పోయింది. వేరే పిల్ల వెళ్లింది. ఇంకో పిల్లాడు వెళ్లాడు. తలుపు మళ్లీ తెరుచుకుంది.

"సుష్మా! అరే, సుష్మా కీ మా కహాఁ హై?"

సుష్మా తల్లి ఎక్కడ అంటోంది. ఆ తల్లి నా పక్కనే కూర్చుని, పిల్ల నుదురు తుడుస్తూ, "పైడమ్మని ఎప్పుడు పిలుస్తారే? నువ్వెల్లి అడగవే," అంటోంది. నేను కదల్లేదు. నర్సు విసుక్కుని చీటీని కట్టలో అన్నిటికంటే కిందకి తోసేసింది. అది నా కళ్లారా చూశాను.

కట్టలో చీటీలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. అప్పుడు పిల్ల ఏడుపు ఆగిపోయింది.

అమ్మ కొంగు తీసి చూసింది. పిల్ల పెదాల చుట్టూ నీలం. ముక్కుపుటాలు మాత్రం అదురుతున్నాయి. "పైడమ్మా!" అని అమ్మ కుదిపింది. "ఒలే పైడమ్మా, ఇటు సూడే!" వరండాలో అందరూ తిరిగారు. తలుపు తీసుకుని నర్సు, ఇదే ఆఖరన్నట్టు, లోపలికి పోబోతూ పిలిచింది.

"సుష్మా?"

లేచాను. "హమారా హై! సుష్మా హమారా హై!"

అమ్మ నా చెయ్యి పట్టి లాగింది. "ఒసే, మనది కాదే, కూకో! అది టీకా—"

"టీకా కాదమ్మా! సుష్మా అంటే పైడమ్మే! నేనే అలా రాయించినాను. కొట్టుదువు గానీ, ముందు లెగు!"

అమ్మ నన్ను చూసింది. ఒక్క క్షణమే. కోపమో ఇంకేదో అర్థం కాలేదు. లేచి పరిగెత్తింది.

ఆ పిల్ల బతికింది. సూదులు, గొంతుదాకా గొట్టాలు, తొమ్మిది రోజులు. నేనెలా ఉన్నానో నాకు గుర్తులేదు, అన్నం తిన్నానో లేదో కూడా. గుర్తున్నది ఇల్లు చేరిన రోజు. మామ్మ గుమ్మంలోనే ఎర్రనీళ్లతో దిష్టి తీసి, పిల్లని లాక్కుని, నాకేసి చూసింది. పేరు సంగతి అప్పటికే అందరికీ తెలిసిపోయింది. నేను గోడకి అతుక్కుపోయాను.

"పిలవగానే లేసినాది అత్తా," అంది అమ్మ. "ఆ నర్సు నోరు తెరిసిందో నేదో, ఇది లేసి నిలబడ్డాది. ఇది నేకపోతే మన పిల్ల నేదు."

నాకేసి చూడకుండా అంది. చీర కొంగు సర్దుకుంటూ అంది. నేను నోరు తెరవబోయాను, పోయి కుండ దించుకురమ్మంది అమ్మ.

మామ్మ నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు తలకి నూనె పెడుతూ, "నల్లమ్మంటే కొలాయంటన్నారేటే ఆ సచ్చినోల్లు?" అంది. అవునన్నాను. "మరి నాకు సెప్పాల కదేటే," అని, చిక్కు తీసే నెపంతో జుట్టు నొప్పిపుట్టేలా లాగింది. అంతే నాకు పడిన శిక్ష.

పేరు మార్పించడానికి అయ్య మళ్లీ నన్నే తీసుకెళ్లాడు. సర్కారు పుస్తకంలో కొట్టివేతలు కుదరవన్నాడు మున్షీ. కావాలంటే పక్కన చేరుస్తానని 'సుష్మా ఉర్ఫ్ పైడమ్మా' అని రాశాడు. ఉర్ఫ్ అంటే అలియాస్, ఆ పేరూ ఉంది ఈ పేరూ ఉంది అని. మామ్మకి చెబితే, అమ్మవారి పేరు వెనకెందుకుండాలని గొణిగింది గానీ ఒప్పుకుంది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. చెల్లిని బడిలో వేసినప్పుడు ఇంగ్లీషు రిజిస్టరులో గడి చిన్నది. మాస్టారు Sushma Urf దాకా రాసేసరికి గీత వచ్చేసింది. అమ్మవారు గడి దాటి బయటే ఉండిపోయింది. అంతే, మా చెల్లి జీవితాంతం సుష్మా ఉర్ఫ్. ఉర్ఫ్ ఇంటిపేరైపోయింది. మీరు పార్శీలా, గోవావాళ్లా అని అడిగినవాళ్లెందరో. పోర్ట్ ఆఫీసులో చేరాక ఫోన్లో 'మిసెస్ ఉర్ఫ్' అని పిలిచేవారట. ఒకాయన మాత్రం, హిందీ బాగా తెలిసినవాడు, కాగితం పట్టుకుని చాలాసేపు చూసి, "ఉర్ఫ్... ఉర్ఫ్ క్యా మేడమ్?" అని అడిగాడట. ఉర్ఫ్ తర్వాత ఏదో ఉండాలి కదా అని. "వో ఘర్ మే హై," ఇంట్లో ఉందని చెప్పిందట చెల్లి. ఇంట్లో అది ఎప్పుడూ పైడమ్మే. పైడీ అంటే చాలు, ఎంత పనిలో ఉన్నా ఊఁ అంటుంది.

మొన్న ఆదివారం లంబాలైన్‌లో బారసాల. పైన విమానం దిగుతుంటే పళ్లెంలో బియ్యం గింజలు కదిలాయి. మూడు ఏ-లు, ఒక హెచ్. పాప అమ్మానాన్నలకి తెలుగు రాయడం రాదు, అందుకని బియ్యంలో కూడా ఇంగ్లీషే. పేరేంటో ఇక్కడ రాయను, ఆ పిల్ల పెద్దయ్యాక తనే చెప్పుకుంటుంది. చెవిలో పిలవాల్సింది మేనత్త. మా చెల్లెలి కూతురు, ఓడ అందక రాలేదు. ఇంటికి పెద్దదానివి, నువ్వే పిలవమన్నారు.

ఈలోగా చెల్లి, వచ్చిన వియ్యాలవారికి పాత కథ మొదలుపెట్టింది. మున్షీ, పైదా, సుష్మా టీకా. అందరూ విరగబడి నవ్వుతున్నారు. "నర్సు అలా పిలిచిందో లేదో, మా అప్ప ఇలా లేచి నిలబడింది," అని నా భుజం మీద చెయ్యి వేసింది. మావైపు అక్కని అప్ప అంటారు. అమ్మ పోయి ఎన్నేళ్లయిందో. ఆవిడ అబద్ధం మాత్రం మా ఇంట్లో ఇంకా నడిచి తిరుగుతోంది.

పిల్లని ఒళ్లోకి తీసుకున్నాను. పాల వాసన, సాంబ్రాణి వాసన. చెవి దగ్గర నోరు పెట్టి ఒకసారి పిలిచాను. రెండోసారి పిలిచాను. మూడోసారి పిలవకుండా ఆగిపోయాను.

"ఏమైందప్పా?" అంది చెల్లి, పక్కన చతికిలబడుతూ.

దానికి మాత్రమే వినబడేలా చెప్పాను. "పిలవగానే లేవలేదే నేను. రెండుసార్లు పిలిచింది. వింటూ కూర్చున్నాను. చీటీ అడుక్కి తోసేసింది కూడా. మూడోసారికి లేచాను. అమ్మకి తెలుసు."

అరవై ఏళ్లు దాటిన మొహం అది. ఆ రోజు నీలంగా మారిన పెదాలు అవే. అది నన్ను చూస్తూ ఉండిపోయింది. అచ్చం అమ్మ చూపు. అది కోపమో ఏమిటో ఈసారీ నాకు అర్థం కాలేదు.

తర్వాత పిల్ల తలని నా నోటి దగ్గరికి కొంచెం జరిపింది.

"అయితే మూడోసారి కూడా పిలు," అంది.

పిలిచాను.